అడుగు వెనక అడుగు, గ్లాసు వెనక గ్లాసు: పాఠకుల ప్రశ్నలు

డ్యాన్స్ మాటల మీద కిందటి సంచికలో వేసిన చిన్న బాక్సులో 'షాసే' అనే ఫ్రెంచి మాట గురించి, అంటే ఒక కాలు రెండో కాలిని తరిమినట్టు వేసే అడుగు గురించి, రెండు వాక్యాలు రాశాం. బార్‌లో వినిపించే 'చేజర్', అంటే ఒక పానీయం వెనకే తాగే రెండోది, దానికి చుట్టమేనని కూడా అన్నాం. ఆ మాట పట్టుకుని విశాఖ నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

*

ప్రశ్న: సార్, నేను హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతున్నాను. పొద్దున బార్ క్లాసులో చేజర్, సాయంత్రం డ్యాన్స్ క్లాసులో షాసే. పలకడంలోనే పోలిక లేదు కదా, రెండూ ఒకటెలా అవుతాయి? (గాజువాక)

జవాబు: పోలిక లేకపోవడానికి కారణం, ఇంగ్లీషువాళ్లు ఈ మాటను రెండుసార్లు, కొన్ని వందల ఏళ్ల తేడాతో తెచ్చుకోవడమే.

మొదటి నుంచీ చూద్దాం. లాటిన్‌లో 'కాపెరె' అంటే పట్టుకోవడం. పట్టుకోవాలని వెంటపడటానికి 'కాప్తారె'. జనం నోట అది 'కాప్తియారె' అయింది. ఫ్రాన్స్‌కి వచ్చేసరికి ప్రాంతాన్ని బట్టి రెండుగా చీలింది. ఉత్తరాన నార్మండీ వైపు మొదటి అక్షరం 'క'గానే ఉండిపోయింది, పారిస్ వైపు 'చ' అయింది. నార్మన్లు ఇంగ్లండును ఏలిన రోజుల్లో రెండు రూపాలూ ఇంగ్లీషులోకి చేరాయి. 'క' రూపం క్యాచ్ అయింది, 'చ' రూపం చేజ్ అయింది. మన పేపర్ల ఆటల పేజీలో రోజూ కనిపించే 'ఛేజింగ్' అదే. 2010 అక్టోబరులో మన వైజాగ్‌లోనే ఆస్ట్రేలియా మీద 290 పరుగులు ఛేదించినప్పుడు కోహ్లీ 118 కొట్టాడు. ఛేజ్, క్యాచ్ రెండూ ఒకే ఇంటి పిల్లలని స్టేడియంలో ఎవరికీ తట్టి ఉండదు.

తర్వాత ఫ్రెంచివాళ్లు 'చ'ని 'ష'గా పలకడం మొదలుపెట్టారు. అందుకే ఇంగ్లీషులోకి తొందరగా వచ్చిన ఫ్రెంచి మాటలు చైర్, చీఫ్, చేజ్ అని 'చ'తో ఉంటాయి. ఆలస్యంగా వచ్చినవి షెఫ్, షాంపేన్, షాసే అని 'ష'తో ఉంటాయి. తేదీ తెలియని ఫ్రెంచి మాట ఎదురైతే ఈ గుర్తు బాగా పనికొస్తుంది.

ఫ్రెంచిలో 'షాసే' అంటే తరమడం, వేటాడటం, వెళ్లగొట్టడం. 'తరిమిన' అన్నా ఉచ్చారణ అదే, రాతలో మాత్రమే తేడా. డ్యాన్స్‌లో వెనక కాలు వచ్చి ముందున్న కాలిని దాని చోటు నుంచి తరుముతుంది. తాగుడులో తర్వాత వచ్చే గుక్క ముందు గుక్క రుచిని తరుముతుంది. మీ కిచెన్ క్లాసులోనూ ఇది తగులుతుంది: పుట్టగొడుగులు, షాలట్ ఉల్లి, తెల్ల వైను, టమాటాతో చేసే 'షాసర్' సాస్. వేటగాడి సాస్ అన్నమాట.

*

ప్రశ్న: ఫ్యాషన్ షోల్లో మోడళ్లు నడిచే తీరును 'సషే' అంటారు. అదీ ఇదేనా? (మర్రిపాలెం)

జవాబు: ఇదే. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా పల్లెల్లో నాలుగేసి జంటలు చదరంగా నిలబడి ఆడే డ్యాన్సులకు, పక్కన నిలబడి అడుగులు కేకేసి చెప్పేవాడు ఒకడుండేవాడు. వాళ్ల నోట్లో పడి షాసే కాస్తా సషే అయింది. 1836 నాటికే ఈ రూపం రాతలో ఉంది. వీపుకి వీపు వచ్చేలా తిరగడానికి ఫ్రెంచివాళ్లు 'దోజాదో' అంటే అమెరికావాళ్లు 'డోసిడో' చేశారు. ఒయ్యారంగా నడవడం అనే అర్థం ఆ తర్వాత అంటుకుంది. ఇప్పుడు సషే అనేవాళ్లలో చాలామందికి అందులో ఒక అడుగు ఉందనే తెలీదు.

*

ప్రశ్న: చాచా డ్యాన్స్ నేర్చుకుంటున్నాను. షాసే దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ పాటకంటే వెనకబడిపోతున్నాను. టీచరు 'ఇంకా త్వరగా' అంటారు తప్ప ఎక్కడ తప్పుతోందో చెప్పరు. ఇంట్లో ఎలా సాధన చెయ్యాలి? (ఎంవీపీ కాలనీ)

జవాబు: నూటికి తొంభై మందిలో తప్పు వేగంలో ఉండదు, మొదటి అడుగు పొడుగులో ఉంటుంది.

చాచా పాట నిమిషానికి దాదాపు 30 బార్లు (బారు అంటే ఇక్కడ తాళంలో ఒక ఆవర్తం), బారుకి నాలుగు దెబ్బలు. అంటే నిమిషానికి 120 దెబ్బలు, దెబ్బకి అర సెకను. లెక్క 'రెండు, మూడు, నాలుగు-అండ్-ఒకటి'. షాసే చివరి మూడు అడుగుల్లో ఉంది. 'నాలుగు'కి పావు సెకను, 'అండ్'కి పావు సెకను, 'ఒకటి'కి అర సెకను. పావు సెకనులో బారెడు అడుగు వేస్తే రెండో కాలు దాన్ని అందుకోలేదు. అందుకోవడానికి మీరు ఒంటిని లాగుతారు, ఆ లాగడంలోనే పాట ముందుకెళ్లిపోతుంది.

ఎడమ పక్కకి షాసే ఇలా వెయ్యండి. 'నాలుగు'కి ఎడమ కాలు పక్కకి జానెడు, అంతకు మించొద్దు. 'అండ్'కి కుడి కాలు దాని దగ్గరికి రావాలి, కానీ పూర్తిగా ఆనకూడదు, మధ్యలో బెత్తెడు సందు మిగలాలి. 'ఒకటి'కి మళ్లీ ఎడమ కాలు పక్కకి, ఈసారి జానెడుకి కాస్త ఎక్కువ. పాదం నేలను వదలకుండా, ముందు భాగం ఆనుతూ జరగాలి. గచ్చు మీద సుద్దముక్కతో ఈ కొలతలు గీసుకుంటే రెండు రోజుల్లో కాలికి అలవాటవుతుంది.

రెండో తప్పు 'అండ్' దగ్గర. కుడి కాలు దగ్గరికి వస్తుంది గానీ బరువు దాని మీదికి రాదు, ఊరికే తాకి ఊరుకుంటుంది. అప్పుడు 'ఒకటి'కి లేవాల్సిన ఎడమ కాలి మీదే మీరు నిలబడి ఉంటారు. ఇక తర్వాతి బారులో తప్పు కాలు ముందుకొస్తుంది. దీన్ని కనిపెట్టడం తేలిక. 'అండ్' దగ్గర ఆగిపోయి ఎడమ కాలు నేల నుంచి ఎత్తి చూడండి. తూలకుండా ఎత్తగలిగితే బరువు మారినట్టే.

మూడోది ఎగరడం. తల పైకీ కిందకీ ఊగుతోందంటే మోకాళ్లు బిగుసుకున్నాయని అర్థం. అద్దం మీద తల ఎత్తున చిన్న టేపుముక్క అంటించి, కళ్లు దాని మీదే ఉంచి చెయ్యండి.

ఫోన్‌లో మెట్రోనోమ్ (తాళం కొట్టే యాప్) పెట్టుకుని నిమిషానికి 80 దెబ్బలతో మొదలెట్టండి. పది నిమిషాలు తప్పు లేకుండా వచ్చాకే ఐదైదు పెంచండి. 120 దగ్గర తప్పే అడుగును 120 దగ్గరే పదేపదే చేస్తే తప్పే గట్టిపడుతుంది.

చెప్పుల సంగతి కూడా. రబ్బరు అడుగున్న స్పోర్ట్స్ షూ టైల్స్‌ని పట్టేస్తుంది, పాదం ఆగి మోకాలు తిరుగుతుంది. మేజోళ్లతో చేస్తే జారిపడతారు. డ్యాన్స్ షూ అడుగున స్వేడ్ తోలు ఉంటుంది. మన ఊరి తేమకి, దుమ్ముకి దాని నూగు అణిగి నున్నబడుతుంది. చిన్న తీగల బ్రష్‌తో ఒకే వైపుకి గీస్తే మళ్లీ లేస్తుంది. బీచ్ ఇసుకలో షాసే సాధన మాత్రం వద్దు. జారాల్సిన పాదం కూరుకుపోతుంది, చీలమండ బెణుకుతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. వాల్ట్జ్, జైవ్, బ్యాలే క్లాసులకు వెళ్లినా ఈ పేరే వింటారు, లెక్క మాత్రం మారుతుంది. వాల్ట్జ్‌లో మూడు దెబ్బల్లో నాలుగు అడుగులు, 'ఒకటి, రెండు-అండ్, మూడు', అక్కడ కాళ్లు పూర్తిగా కలవాలి. జైవ్‌లో మొదటి అడుగుకి ముప్పావు దెబ్బ, రెండోదానికి పావు, మూడోదానికి పూర్తి దెబ్బ. అందుకే అది కుంటుతున్నట్టు వినిపిస్తుంది. బ్యాలేలో మోకాళ్లు వంచి, ఒక కాలు జార్చి, ఎగిరి, గాలిలో వెనక కాలు ముందు కాలిని తగులుతుంది. అసలు 'తరమడం' కంటికి కనబడేది అక్కడే. పిల్లలు గుర్రం ఆట ఆడుతూ ఒకే కాలు ముందుంచి దూకుతూ పోతారు చూడండి, దానికి పాదాల తీరు దిద్దితే బ్యాలే షాసేనే. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ 1661లో పారిస్‌లో రాచ డ్యాన్స్ అకాడమీ పెట్టాక బ్యాలే అడుగుల పేర్లన్నీ ఫ్రెంచిలోనే స్థిరపడ్డాయి. టీచరు ఏ దేశంవాడైనా ఆ పేర్లే చెబుతాడు.

*

ప్రశ్న: కాఫీ తర్వాత మందు తాగడం ఏమిటండీ? మీ బాక్సులో 'షాస్ కఫే' అని చూసి మా ఇంట్లో అందరూ నవ్వారు. (సిరిపురం)

జవాబు: నవ్వొచ్చేదే, కానీ మొదట అసలు క్రమం అదే. ఫ్రెంచివాళ్ల విందులో భోజనం చివర చక్కెర వేసిన చిక్కటి నల్ల కాఫీ వస్తుంది. దాని చేదు నోట్లో నిలిచిపోతుంది. దాన్ని పోగొట్టడానికి వేలెడంత గ్లాసులో కొన్యాక్ లాంటి బ్రాందీయో, తియ్యటి లికరో ఒక గుక్క. అదే 'షాస్ కఫే', కాఫీని తరిమేది. పొగాకు వాసన పోవడానికీ ఇదే. ఇంగ్లీషువాళ్లు 1800 ప్రాంతంలో ఈ అలవాటునీ మాటనీ కలిపి తెచ్చుకుని, కఫే వదిలేసి ఉత్త 'షాస్' అన్నారు.

అమెరికావాళ్లు దీన్ని తిరగేశారు. 1897 నాటికి అక్కడ 'చేజర్' అంటే ఘాటైన మందు మీద తాగే నీళ్లో, తేలికపాటి పానీయమో. అంటే కాఫీని తరిమిన మందునే ఇప్పుడు నీళ్లు తరుముతున్నాయి. బ్రిటన్ బార్లలో ఈ పాత లెక్క కొంత మిగిలింది. అక్కడ చాలాచోట్ల బీరు తాగాక వేసుకునే చిన్న విస్కీనే చేజర్ అంటారు. అమెరికాలో విస్కీ తర్వాత వచ్చే బీరు చేజర్. విదేశంలో బార్ ఉద్యోగానికి వెళ్లే మన పిల్లలు ఇక్కడే తికమకపడతారు. 'విస్కీ, చేజర్' అని ఆర్డరు వస్తే చేజర్‌గా ఏం కావాలో అడిగి రాసుకోవడమే మంచిది.

మన 'నంజుకోవడం' ఇది కాదు. నంజు పక్కన ఉంటుంది, గుక్కకీ గుక్కకీ మధ్య నోట్లో పడుతుంది. చేజర్ వెనకే రావాలి, అదీ వెంటనే.

2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు కాబట్టి, మన కొండల కాఫీని అక్కడ ఎవరో ఒకరు కొన్యాక్‌తో తరిమే ఉంటారు. ఫ్రాన్స్ వెళ్లేవాళ్లకి ఇంకొకటి: అక్కడ ఉత్తినే 'షాస్' అంటే మరుగుదొడ్డి ఫ్లష్ కూడా. హోటల్లో అడిగేటప్పుడు కఫే జోడించండి.

*

ప్రశ్న: పెగ్గు 'రా' కొట్టి వెంటనే నీళ్లో సోడానో తాగితే మత్తు ఎక్కదని ఫ్రెండ్స్ అంటారు. బీరు చేజర్‌గా తీసుకుంటే మేలంటారు. నిజమా? (పెందుర్తి; పేరు వద్దన్నారు)

జవాబు: కాదు. చేజర్ పని నోట్లోనే అయిపోతుంది. గొంతు మంట తగ్గుతుంది, రుచి పోతుంది, కడుపులోకి వెళ్లిన ఆల్కహాలు ఒక్క చుక్క కూడా తగ్గదు.

లెక్క చూడండి. మన దగ్గర చిన్న పెగ్గు 30 మి.లీ., పెద్దది 60. ఇక్కడి విస్కీ, బ్రాందీ సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. పెద్ద పెగ్గులో దాదాపు 25.7 మి.లీ. ఆల్కహాలు, బరువులో సుమారు 20 గ్రాములు. లివర్ గంటకి అటూ ఇటూగా ఏడు నుంచి పది గ్రాములే కరిగిస్తుంది. అంటే ఒక్క పెద్ద పెగ్గు దిగడానికి రెండు నుంచి మూడు గంటలు. నీళ్లు, కాఫీ, పెరుగు, చన్నీళ్ల స్నానం, ఏవీ ఆ గంటల్ని తగ్గించవు. కాఫీ నిద్ర పోగొడుతుంది, మత్తు పోగొట్టదు.

బీరు సంగతి మరీ మోసం. స్ట్రాంగ్ బీరు 7 శాతం వేసుకున్నా 650 మి.లీ. సీసాలో 45 మి.లీ. ఆల్కహాలు ఉంటుంది, అంటే ఒకటిన్నర పెద్ద పెగ్గులకి పైమాటే. పెగ్గుని తరమడానికి దానికంటే పెద్ద పెగ్గు తాగినట్టు. సోడాలోని గ్యాసు కొందరిలో ఆల్కహాలును ఇంకా త్వరగా రక్తంలోకి పంపుతుంది. మామూలు నీళ్లు నయం. పెగ్గుకి ఒక పెద్ద గ్లాసు నీళ్లు నిదానంగా తాగితే గొంతు ఎండదు, తాగే వేగం కూడా తగ్గుతుంది. నీళ్ల వల్ల ఏదైనా మేలుంటే అది ఆ వేగం తగ్గడంలోనే.

బండి తియ్యొద్దు. చట్టం ఒప్పుకునేది 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాముల వరకే. బక్కపలచటి మనిషి ఒక్క పెద్ద పెగ్గుకే ఆ గీత దాటొచ్చు. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకి మందు అమ్మకూడదన్నది కూడా గుర్తుంచుకోండి.

*

ప్రశ్న: రంగురంగుల పొరలు కనిపించే డ్రింకుని 'పూస్ కఫే' అంటారట. పిల్లల పుట్టినరోజుకి మందు లేకుండా అలాంటిది చెయ్యొచ్చా? రెండుసార్లు చేస్తే రెండుసార్లూ కలిసిపోయింది. (సీతమ్మధార)

జవాబు: భేషుగ్గా చెయ్యొచ్చు. షాస్ తరిమితే పూస్ నెడుతుంది, రెండూ కాఫీ వెనక వచ్చినవే. తర్వాత రోజుల్లో పూస్ కఫే అనే పేరు పొరలు పోసిన డ్రింకుకి స్థిరపడింది.

పొర నిలబడటం అంతా బరువు మీదే. ఎక్కువ చక్కెర ఉన్నది బరువు, అది అడుగున. నీళ్లు తేలిక, అవి పైన. ఆల్కహాలు నీళ్లకంటే తేలిక కాబట్టి బార్‌లో ఘాటైనదాన్ని చివర పోస్తారు. మీకు ఆ బెడద లేదు.

సన్నటి పొడుగాటి గ్లాసు తీసుకోండి. వెడల్పు గ్లాసులో పొర పలచనై చెదురుతుంది. అడుగున 30 మి.లీ. సుగంధి సిరప్, నీళ్లు కలపనిది, గ్లాసు గోడకి అంటకుండా మధ్యలో పొయ్యాలి. దాని మీద 40 మి.లీ. నారింజ రసం, వడకట్టి, చక్కెర వెయ్యకుండా. పైన 40 మి.లీ. చన్నీళ్లలో నాలుగు చుక్కల నిమ్మరసం. అడుగున నల్లటి గోధుమరంగు, మధ్యన నారింజ, పైన తెలుపు.

పొయ్యడం ఇలా: టీస్పూను బోర్లించి, కొనను గ్లాసు గోడకి, కింది పొరకి కాస్త పైన ఆనించండి. స్పూను వీపు మీద సన్నటి ధారగా పొయ్యండి. పొర లేచేకొద్దీ స్పూనునీ లేపాలి. ఒక పొరకి అర నిమిషమైనా పట్టాలి.

మీకు కలిసిపోవడానికి ఈ నాలుగింట్లో ఒకటి కారణం. పైన సోడా పోసి ఉంటారు, బుడగలు కింది పొరని చిలికేస్తాయి. లేదా నారింజ రసంలో చక్కెర వేసి ఉంటారు, అప్పుడు దాని బరువు సిరప్‌కి దగ్గరవుతుంది. లేదా ఒకటి ఫ్రిజ్‌లోదీ ఒకటి బయటదీ వాడి ఉంటారు. మూడూ ఒకే చల్లదనంలో ఉండాలి. లేదా ఐసుముక్కలు వేసి ఉంటారు, అవి పడుతూనే పొరల్ని చీలుస్తాయి. ఎంత బాగా పోసినా కాసేపటికి అంచులు మసకబారతాయి కాబట్టి కేకు కోసే ముందు కాదు, కోసి పంచుతున్నప్పుడు పొయ్యండి. తాగేముందు కలుపుకోమని పిల్లలకి చెప్పాలి, లేకపోతే మొదటి గుక్క చప్పటి నీళ్లే.

*

ప్రశ్న: మా షెడ్డులో రోజూ లారీ ఛాసిస్ అంటాం. ఆర్సీ మీద ఛాసిస్ నంబరు. షాసేకి దీనికి ఏమైనా సంబంధం ఉందా? (ఆటోనగర్)

జవాబు: పైకి కనిపించే సంబంధం లేదు. ఛాసిస్ ఫ్రెంచిలో 'షాసీ', అంటే చట్రం. అది లాటిన్ 'కాప్సా' నుంచి వచ్చింది, పెట్టె అని అర్థం. మందుబిళ్లల క్యాప్సూల్ కూడా ఆ పెట్టెలోంచే. తరమడానికి దీనికి పని లేదు.

అయితే ఆ కాప్సా కూడా మొదట చెప్పిన 'కాపెరె' నుంచే పుట్టింది. పట్టి ఉంచేది పెట్టె, పట్టుకోబోయి వెంటపడేది వేట. కాబట్టి ముత్తవ్వ ఒకతే, అన్నదమ్ములు మాత్రం కారు.

*

ప్రశ్న: ఫ్రెంచి సేనాని బుస్సీ దొర వైజాగ్‌లో ఉన్నాడని చిన్నప్పుడు చదివాం. ఈ మాటలు ఆయన సైన్యం వెంట మన దగ్గరికి వచ్చి ఉంటాయా? (భీమిలి)

జవాబు: అలా అనుకోవడానికి ఆధారం లేదు. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం, అదే ఏడాది మధ్యలో విశాఖలోని ఇంగ్లీషు కంపెనీ స్థావరం బుస్సీకి లొంగింది, అంతవరకు నిజం. కానీ ఏడాదిన్నర తిరక్కుండానే, విజయనగరం ఆనందరాజు పిలుపు మీద ఇంగ్లీషు కంపెనీ సేనాని కల్నల్ ఫోర్డ్ విశాఖలో దిగాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లని ఓడించాడు. ఆ తర్వాత ఈ తీరంలో ఫ్రెంచివాళ్ల మాట యానాంలోనే చెల్లింది, అదీ 1954 వరకు. చేజర్, షాసే రెండూ మనకి ఇంగ్లీషు ద్వారానే అందాయి. క్లబ్బుల్లో, సినిమాల్లో, ఇప్పుడు డ్యాన్స్ క్లాసుల్లో.

*

ప్రశ్న: ఓడల పుస్తకంలో 'షాస్ మారే' అని ఒక పడవ పేరు చూశాను. ఇదీ ఆ గుంపుదేనా? (ఫిషింగ్ హార్బర్ దగ్గరి పాఠకుడు)

జవాబు: ఆ గుంపుదే. 'మారే' అంటే ఆటుపోటు, తాజా సముద్రపు చేపలు అని కూడా. ఫ్రాన్స్ తీరంలో పట్టిన చేపలు పాడవకముందే పారిస్ సంతకి చేర్చడానికి గుర్రాల మీద, బళ్ల మీద రాత్రంతా పరుగెత్తేవాళ్లని మొదట షాస్ మారే అనేవారు. తర్వాత ఆ పేరు చేపలు మోసే వేగమైన తెరచాప పడవకి వచ్చింది. సాధారణంగా రెండు మూడు స్తంభాలు, వాటికి నాలుగు మూలల తెరచాపలు ఉంటాయి. గాలి ఏ కొద్దిగా ఉన్నా తాజా సరుకుతో మిగతా పడవలకంటే ముందే రేవుకి చేరాలి, ఆ పని కోసమే కట్టిన పడవ. యుద్ధాల రోజుల్లో దొంగ సరుకు తరలించడానికీ, శత్రువుల వర్తక ఓడల్ని పట్టుకోవడానికీ ఇదే పడవ పనికొచ్చింది.